కస్టమ్ కంట్రోల్‌కు డేటా మోడల్ బైండ్ చేసేటప్పుడు: చేయవలసినవి - చేయకూడనివి

డబ్ల్యూపీఎఫ్‌లో సొంతంగా కంట్రోల్ తయారుచేసి, దానికి డేటా మోడల్‌ను బైండ్ చేసే ప్రోగ్రామర్ల కోసం ఈ సూచనలు. మందుల కౌంటర్‌లో, బ్యాంకులో, ల్యాబ్‌లో, ఫ్యాక్టరీ కంట్రోల్ రూమ్‌లో నేటికీ విండోస్ డెస్క్‌టాప్ ప్రోగ్రాములు నడుస్తున్నాయి. అక్కడ కూర్చున్నవారు తెర మీద ఏది కనిపిస్తే దాన్నే నమ్మి పని చేస్తారు.

బైండింగ్ తెగినా ప్రోగ్రామ్ ఆగదు. హెచ్చరిక రాదు. గడి ఖాళీగా ఉంటుంది, లేదంటే పాత అంకెనే చూపిస్తూ ఉంటుంది. అసలు ప్రమాదం ఇదే: తెర ఒకటి చెబుతుంది, మోడల్‌లో ఇంకొకటి ఉంటుంది, ఆ సంగతి ఎవరికీ తెలియదు.

ఇది చిన్న విషయం అనుకోకండి. 1985-87 మధ్య అమెరికా, కెనడాల్లో థెరాక్-25 అనే రేడియేషన్ చికిత్స యంత్రం ఆరుగురు రోగులకు మోతాదు మించి రేడియేషన్ ఇచ్చింది. 1986లో టెక్సాస్‌లోని టైలర్‌లో ఆపరేటర్ చికిత్స రకాన్ని తెర మీద వేగంగా సరిదిద్దారు; తెర సవరించిన అక్షరాన్నే చూపింది, కానీ ఆ సవరణ యంత్రం లోపలి అమరికలన్నిటికీ చేరలేదు. ఆ కాలానికి డబ్ల్యూపీఎఫ్ లేదు, ఆ లోపానికి కారణాలూ వేరు. అయినా తెరకూ లోపలి స్థితికీ పొంతన పోతే నష్టం ఎంత దూరం వెళ్తుందో ఇంటర్‌ఫేస్ రాసే ప్రతి ఒక్కరూ గుర్తుంచుకోవాలి.

డబ్ల్యూపీఎఫ్ 2006 నవంబరులో డాట్‌నెట్ 3.0తో వచ్చింది. దాని డిఫాల్ట్ అమరికలు చాలావరకు అప్పటివే. కింది జాగ్రత్తల్లో ఎక్కువ భాగం ఆ డిఫాల్ట్‌ల వల్ల అవసరమైనవే. అన్నీ చదివే వ్యవధి లేనివారు ముందుగా "యూజర్ విలువ ఎక్కించే గడులు" అన్న భాగం చూడండి.

చేయవలసినవి

ప్రాపర్టీ ప్రకటించేటప్పుడు

- బయటి నుంచి బైండ్ చేయవలసిన ప్రతి విలువనూ డిపెండెన్సీ ప్రాపర్టీగానే ప్రకటించండి. మామూలు ప్రాపర్టీ మీద బైండింగ్ పెట్టడం కుదరదు.
- ఓనర్ టైప్ దగ్గర మీ కంట్రోల్ క్లాస్ పేరే ఉందో లేదో చూసుకోండి. వేరే ఫైలు నుంచి కాపీ చేసినప్పుడు పాత క్లాస్ పేరు ఇక్కడే మిగిలిపోతుంది.
- డిఫాల్ట్ విలువను ప్రాపర్టీ టైప్‌లోనే ఇవ్వండి. డబుల్ టైప్‌కు 0 అని కాక 0.0 అని రాయండి. లేకపోతే క్లాస్ లోడ్ అయ్యేటప్పుడే ఎక్సెప్షన్ వస్తుంది.
- యూజర్ మార్చగల విలువకు మెటాడేటాలో "బైండ్స్ టూవే బై డిఫాల్ట్" పెట్టండి. మీరు చెప్పకపోతే అది వన్‌వేగానే ఉంటుంది, యూజర్ మార్చింది మోడల్‌కు చేరదు.
- విలువ మారినప్పుడు జరగవలసిన పనిని ప్రాపర్టీ ఛేంజ్డ్ కాల్‌బ్యాక్‌లో రాయండి.
- కలెక్షన్ టైప్ ప్రాపర్టీకి కొత్త కలెక్షన్‌ను కన్‌స్ట్రక్టర్‌లో ఇవ్వండి. అప్పుడే ప్రతి కంట్రోల్‌కూ దానిదైన జాబితా ఉంటుంది.
- బయటివారు మార్చకూడని విలువను రీడ్-ఓన్లీ కీతో రిజిస్టర్ చేయండి.
- కంట్రోల్ తన ప్రాపర్టీని తానే మార్చుకోవలసి వస్తే "సెట్ కరెంట్ వాల్యూ" పద్ధతి వాడండి. ఇది డాట్‌నెట్ 4 నుంచి ఉంది, బైండింగ్‌ను తెంచదు.

చివరి సూచన విషయంలో మరొక్క మాట. "సెట్ కరెంట్ వాల్యూ" బైండింగ్‌ను కాపాడుతుంది కానీ, ఆ బైండింగ్ వన్‌వే అయితే కొత్త విలువను మోడల్‌కు చేర్చదు. తెర కొత్త అంకె చూపుతుంది, మోడల్ పాతదాన్నే పట్టుకుని ఉంటుంది. కాబట్టి దీన్నీ టూవే సూచననూ కలిపే పాటించండి. ఒకటి పాటించి రెండోది వదిలేస్తే ఫలితం లేదు.

మోడల్ రాసేటప్పుడు

- తెర మీద కనిపించే ప్రతి మోడల్ క్లాస్‌లోనూ "ఐనోటిఫై ప్రాపర్టీ ఛేంజ్డ్" ఇంటర్‌ఫేస్ అమలు చేయండి.
- ముందు ఫీల్డ్ మార్చండి, తర్వాతే ఈవెంట్ పంపండి. క్రమం తప్పితే తెర పాత విలువను చదువుకుంటుంది.
- కొత్త విలువ పాతదానితో సమానమైతే ఈవెంట్ పంపకుండా వెనక్కి రండి.
- మొత్తం, పన్ను, మిగిలిన నిల్వ వంటి లెక్కించి వచ్చే విలువలకు కూడా ఈవెంట్ పంపండి. పరిమాణం మారి మొత్తం మారకపోతే బిల్లు తప్పు.
- ప్రాపర్టీ పేరును కొటేషన్లలో కాక "నేమ్ఆఫ్" తో రాయండి. రేపు పేరు మార్చినా ఈవెంట్ పాత పేరుతో వెళ్లదు.
- అబ్జర్వబుల్ కలెక్షన్‌లో పెట్టే వస్తువులకు కూడా మార్పు తెలియజేసే ఏర్పాటు చేయండి. ఆ కలెక్షన్ చేరికలు, తీసివేతలు, మార్పిళ్లు మాత్రమే చెబుతుంది, వస్తువు లోపలి మార్పు చెప్పదు.

టెంప్లేట్ రాసేటప్పుడు

- డిఫాల్ట్ టెంప్లేట్‌ను థీమ్స్ ఫోల్డర్‌లోని జెనరిక్ జామెల్ ఫైలులో ఉంచండి, డిఫాల్ట్ స్టైల్ కీని ఓవర్‌రైడ్ చేయండి. ఏ ఒక్కటి మరిచినా కంట్రోల్ అసలు కనిపించదు.
- టెంప్లేట్ లోపల యూజర్ టైప్ చేసే గడి ఉంటే, టెంప్లేటెడ్ పేరెంట్‌ను సోర్స్‌గా చూపే పూర్తి టూవే బైండింగ్ రాయండి.
- "ఆన్ అప్లై టెంప్లేట్" మళ్లీ పిలవబడినప్పుడు ముందుగా పాత భాగాల నుంచి హ్యాండ్లర్లు తీసేయండి. లేకపోతే ఒక క్లిక్‌కు రెండు ఎంట్రీలు పడవచ్చు.
- టెంప్లేట్ భాగం దొరకకపోయే అవకాశం ఉందని భావించి నల్ చెక్ పెట్టండి. మీ కంట్రోల్‌కు వేరొకరు కొత్త టెంప్లేట్ రాస్తారు.
- ఆటోమేషన్ పీర్ రాయండి. అది లేకపోతే చూపు లేని ఉద్యోగికి స్క్రీన్ రీడర్ మీ కంట్రోల్‌లోని విలువ చదివి వినిపించలేదు.

యూజర్ విలువ ఎక్కించే గడులు

ఎక్కువ హాని ఇక్కడే జరుగుతుంది. ఈ భాగంలోని ప్రతి సూచనకూ ఒక పరీక్ష రాసుకోండి.

- టెక్స్ట్ బాక్స్ డిఫాల్ట్‌గా ఫోకస్ పోయినప్పుడే మోడల్‌కు విలువ పంపుతుందని గుర్తుంచుకోండి.
- సేవ్ పని మొదలుపెట్టే ముందు, ఎడిట్‌లో ఉన్న గడి బైండింగ్ మీద "అప్‌డేట్ సోర్స్" పిలవండి.
- సేవ్ బటన్ టూల్‌బార్ మీద ఉంటే మరింత జాగ్రత్తపడండి. టూల్‌బార్‌కు ఫోకస్ పరిధి వేరు, దాన్ని నొక్కినా గడి నుంచి ఫోకస్ పోయినట్టు లెక్క కాదు, చివరి గడిలో టైప్ చేసింది సేవ్ కాదు.
- డిఫాల్ట్ బటన్‌ను ఎంటర్ కీతో నొక్కి కూడా పరీక్షించండి. అక్కడా ఫోకస్ కదలదు.
- దశాంశ విలువలున్న గడిలో 1.5 అని స్వయంగా టైప్ చేసి చూడండి.
- సేవ్‌కు ముందు మోడల్‌ను మాత్రమే కాక, తెర మీది ప్రతి గడికీ "వాలిడేషన్ హ్యాజ్ ఎర్రర్" ఉందేమో చూడండి.
- ఒక ట్యాబ్‌లో తప్పు విలువ ఇచ్చి, వేరే ట్యాబ్‌కు వెళ్లి తిరిగి రండి. ఎర్ర గీత ఇంకా ఉందో లేదో చూడండి.
- ప్రోగ్రామ్ మొదలవగానే, మొదటి విండో తెరవకముందే, లాంగ్వేజ్ ప్రాపర్టీ డిఫాల్ట్‌ను యూజర్ కల్చర్‌కు మార్చండి.

1.5 పరీక్షకు కారణం ఉంది. డాట్‌నెట్ 4.5 నుంచి, డబుల్ లేదా డెసిమల్‌కు బైండ్ చేసిన గడికి "ప్రాపర్టీ ఛేంజ్డ్" ట్రిగ్గర్ పెడితే, యూజర్ "1." అని కొట్టగానే అది 1గా మారి తెర మీదికి తిరిగి వస్తుంది, చుక్క మాయమవుతుంది. తర్వాత 5 కొడితే గడిలో 15 ఉంటుంది. మోతాదు గడిలో ఇది జరిగితే పదింతలు. అలాంటి గడులకు "లాస్ట్ ఫోకస్" ట్రిగ్గరే ఉంచండి.

లాంగ్వేజ్ సూచన మన దేశంలో పనిచేసే ప్రోగ్రాములకు తప్పనిసరి. విండోస్‌లో రీజియన్ ఇండియా అని ఉన్నా, మీరు చెప్పకపోతే డబ్ల్యూపీఎఫ్ బైండింగ్ అమెరికా ఇంగ్లిష్ పద్ధతినే వాడుతుంది. యూజర్ 05/03/2025 అని మార్చి 5ను ఎక్కిస్తే, మోడల్‌లోకి మే 3 వెళ్తుంది. 13/03/2025 అని కొడితే మాత్రం అమెరికా పద్ధతిలో 13వ నెల లేదు కాబట్టి ఎర్ర గీత వస్తుంది. అంటే నెలలో 12వ తేదీ వరకు తప్పు మౌనంగా నమోదవుతుంది. తేదీ గడులను తప్పకుండా నెల మొదటి భాగంలోని తేదీలతో పరీక్షించండి. డబ్బు గడులను 12,34,567 వంటి లక్షల అంకెతో పరీక్షించండి. తెర మీద 1,234,567 కనిపిస్తే కల్చర్ సరిగా అందలేదని అర్థం.

పరీక్షించేటప్పుడు

- ఒకే విండోలో మీ కంట్రోల్‌ను రెండుసార్లు పెట్టి, వేర్వేరు విలువలు ఇచ్చి చూడండి. ఒకదాని డేటా మరొకదానిలో కనిపిస్తే డిఫాల్ట్ విలువను రెండూ పంచుకుంటున్నట్టే.
- అవుట్‌పుట్ విండోలో "సిస్టమ్ విండోస్ డేటా ఎర్రర్ 40" కోసం వెతకండి. బైండింగ్ పాత్ దొరకలేదని దాని అర్థం.
- అనుమానం ఉన్న బైండింగ్‌కు ట్రేస్ లెవెల్ "హై" పెట్టి, విలువ ఎక్కడ ఆగిందో చూడండి.
- బైండింగ్ ట్రేస్‌కు మీ లిజనర్‌ను తగిలించి, టెస్ట్ బిల్డ్‌లో ఒక్క బైండింగ్ ఎర్రర్ వచ్చినా బిల్డ్ ఫెయిల్ అయ్యేలా చేయండి.
- విండోను అనేకసార్లు తెరిచి మూసి, మెమరీ ప్రొఫైలర్‌లో పాత కంట్రోల్‌లు మిగిలాయేమో చూడండి.

చేయకూడనివి

- యూజర్ కంట్రోల్ కన్‌స్ట్రక్టర్‌లో డేటా కాంటెక్స్ట్‌కు "దిస్" ఇవ్వకండి. ఆ కంట్రోల్‌ను వాడేవారు రాసిన బైండింగ్‌లన్నీ వారి మోడల్‌ను వదిలి మీ కంట్రోల్‌లో వెతుకుతాయి.
- లోపలి భాగాలకు సొంత డేటా కాంటెక్స్ట్ కావలసి వస్తే, దాన్ని కంట్రోల్ మీద పెట్టకండి. లోపలి మొదటి ప్యానెల్ మీద పెట్టండి.
- డిపెండెన్సీ ప్రాపర్టీ గెట్, సెట్ భాగాల్లో చెకింగ్ కానీ లాగింగ్ కానీ రాయకండి. బైండింగ్ వాటిని దాటి నేరుగా వెళ్తుంది, మీ కోడ్ నడవదు.
- మెటాడేటాలో డిఫాల్ట్ విలువగా కొత్త లిస్ట్ ఇవ్వకండి; ఆ ఒక్క లిస్ట్‌నే ప్రోగ్రామ్‌లోని అన్ని కంట్రోల్‌లూ పంచుకుంటాయి, ఒక రోగి మందులు మరొక రోగి తెర మీద కనిపిస్తాయి.
- కంట్రోల్ కోడ్‌లో ప్రాపర్టీకి నేరుగా విలువ ఇవ్వకండి. వన్‌వే బైండింగ్ అప్పటితో చెరిగిపోతుంది, మోడల్ తర్వాత ఎంత మారినా తెర కదలదు.
- యూజర్ టైప్ చేసే గడికి "టెంప్లేట్ బైండింగ్" వాడకండి. అది ఒకవైపే నడుస్తుంది.
- రీడ్-ఓన్లీ ప్రాపర్టీకి టూవే బైండింగ్ పెట్టకండి, ఎక్సెప్షన్ వస్తుంది.
- కోయెర్స్ కాల్‌బ్యాక్ విలువను పరిమితిలోకి తెచ్చింది కాబట్టి మోడల్‌లోనూ అదే ఉందని నమ్మకండి. గరిష్ఠ, కనిష్ఠ పరిమితులను మోడల్‌లో మళ్లీ పరీక్షించండి.

- అంకెల గడికి ఫాల్‌బ్యాక్ విలువగా 0 ఇవ్వకండి. తెగిన బైండింగ్ నిజమైన సున్నాలా కనిపిస్తుంది.
- ఉష్ణోగ్రత, ఒత్తిడి, నిల్వ వంటి రీడింగులకు నిజమేననిపించే ఏ అంకెనూ ఫాల్‌బ్యాక్‌గా ఇవ్వకండి. గీత కానీ "రీడింగ్ లేదు" అన్న మాట కానీ చూపండి.
- నల్ వచ్చినప్పుడు చూపవలసిన విలువను, బైండింగ్ తెగినప్పుడు చూపవలసిన విలువను ఒకటిగా పెట్టకండి. రెండింటికీ కారణాలు వేరు, చేయవలసిన పని వేరు.
- కన్వర్టర్‌లో అర్థంకాని విలువ వచ్చినప్పుడు 0 లేదా ఖాళీ స్ట్రింగ్ తిరిగి ఇవ్వకండి. "అన్‌సెట్ వాల్యూ" ఇవ్వండి.
- కన్వర్టర్ నుంచి ఎక్సెప్షన్ బయటికి పోనివ్వకండి. బైండింగ్ ఇంజిన్ దాన్ని పట్టదు, ప్రోగ్రామ్ కూలిపోతుంది.
- కన్వర్టర్‌లో ధర, మోతాదు, వడ్డీ లెక్కలు చేయకండి. ఆ లెక్క మోడల్‌కు తెలియదు, రిపోర్టులో కనిపించదు.

- ఎర్ర గీత ఉంది కాబట్టి తప్పు విలువ సేవ్ కాదులే అనుకోకండి. గడిలో అక్షరాలు టైప్ చేస్తే అంకెగా మార్చడం కుదరక మోడల్‌లో పాత విలువే ఉంటుంది. మోడల్ దృష్టిలో అంతా సవ్యమే, సేవ్ బటన్ ఆ పాత విలువనే భద్రపరుస్తుంది.
- తప్పును రంగుతో మాత్రమే చూపించకండి; ఎరుపు గుర్తించలేని యూజర్లు ఉంటారు, పక్కన మాటలో కూడా రాయండి.
- పాస్‌వర్డ్ బాక్స్ విలువను అటాచ్డ్ ప్రాపర్టీ ద్వారా మోడల్‌కు బైండ్ చేయకండి; పాస్‌వర్డ్‌ను డిపెండెన్సీ ప్రాపర్టీగా ఇవ్వకపోవడం డబ్ల్యూపీఎఫ్ కావాలని పెట్టిన కట్టుబాటు, దాన్ని దాటితే పాస్‌వర్డ్ సాదా అక్షరాల్లో మెమరీలో తిరుగుతుంది.
- పేరు గడికి కనిపించే అక్షరాల లెక్కన పరిమితి పెట్టకండి. "లక్ష్మి" కంటికి రెండు అక్షరాలే, యూనికోడ్‌లో ఏడు స్థానాలు, తెలుగు పేర్లు సగంలో తెగిపోతాయి.

- వేరే థ్రెడ్ నుంచి అబ్జర్వబుల్ కలెక్షన్‌కు వస్తువులు చేర్చకండి; ఒంటి ప్రాపర్టీ మార్పులను డబ్ల్యూపీఎఫ్ యూఐ థ్రెడ్‌కు తానే చేరుస్తుంది, కలెక్షన్ మార్పులకు ఎక్సెప్షన్ వేస్తుంది.
- ఆ ఎక్సెప్షన్‌ను ట్రై-క్యాచ్‌తో మింగేయకండి. జాబితాలో కొన్ని వరుసలు మాత్రమే కనిపించి మిగతావి లేనట్టే ఉంటాయి. డిస్పాచర్ ద్వారా చేర్చండి, లేదా డాట్‌నెట్ 4.5 నుంచి ఉన్న "ఎనేబుల్ కలెక్షన్ సింక్రనైజేషన్" వాడి, మార్చే ప్రతిచోటా అదే లాక్ తీసుకోండి.
- ఐటమ్స్ సోర్స్ మారినప్పుడు పాత కలెక్షన్ మీద హ్యాండ్లర్ వదిలేయకండి. పాత జాబితా మార్పులు కొత్త జాబితా తెర మీద పడతాయి.
- ఎక్కువ కాలం బతికే మోడల్ ఈవెంట్‌కు కంట్రోల్‌ను నేరుగా తగిలించకండి; మూసేసిన కంట్రోల్ కూడా మెమరీలోనే ఉండి ఈవెంట్లకు స్పందిస్తూ ఉంటుంది. వీక్ ఈవెంట్ మేనేజర్ వాడండి.
- మార్పు తెలియజేయని మామూలు ఆబ్జెక్ట్‌కు వన్‌వే బైండింగ్ పెట్టకండి. లీక్ అయ్యే ప్రమాదం ఉంది. ఆ విలువ మారనిదైతే "వన్ టైమ్" ఇవ్వండి.
- అన్‌లోడెడ్ ఈవెంట్‌లో కంట్రోల్‌ను శాశ్వతంగా ముగించే పనులు చేయకండి. ట్యాబ్ మారినా ఆ ఈవెంట్ వస్తుంది.

- జాబితా వరుసలో టిక్, ఎంపిక, రంగు వంటి స్థితిని కంట్రోల్‌లో దాచకండి. రీసైక్లింగ్ ఉన్నప్పుడు స్క్రోల్ చేస్తే డబ్ల్యూపీఎఫ్ ఆ వరుసను వేరే వస్తువుకు వాడుకుంటుంది, ఒకరికి పెట్టిన టిక్ ఇంకొకరి పేరు పక్కన కనిపిస్తుంది. స్థితి మోడల్‌లోనే ఉండాలి.
- పెద్ద జాబితాను స్క్రోల్ వ్యూయర్‌లో కానీ స్టాక్ ప్యానెల్‌లో కానీ చుట్టకండి. వర్చువలైజేషన్ పోయి తెర బిగుసుకుపోతుంది.
- డేటా గ్రిడ్ కాలమ్‌కు డేటా కాంటెక్స్ట్ దానంతటదే వస్తుందని అనుకోకండి. కాలమ్ విజువల్ ట్రీలో ఉండదు.
- కాంటెక్స్ట్ మెనూ నుంచి పైనున్న ఎలిమెంట్లను వెతికే బైండింగ్ రాయకండి. మెనూ వేరే ట్రీలో ఉంటుంది, ప్లేస్‌మెంట్ టార్గెట్ ద్వారా వెళ్లండి.
- అవుట్‌పుట్ విండోలో బైండింగ్ ఎర్రర్లు మామూలేనని వదిలేయకండి. పాతవి నిండి ఉంటే కొత్తది కంటపడదు.

ఇప్పటికే కౌంటర్లలో నడుస్తున్న ప్రోగ్రామ్ మీ బాధ్యతలో ఉంటే, దాన్ని మొత్తం తిరగరాయడం మొదలుపెట్టకండి. ముందుగా ఈ వారంలోనే మూడు పరీక్షలు చేయండి: చివరి గడిలో టైప్ చేసి టూల్‌బార్ సేవ్ నొక్కండి, దశాంశ గడిలో 1.5 కొట్టండి, తేదీ గడిలో 05/03 ఎక్కించి మోడల్‌లో ఏ నెల పడిందో చూడండి. వీటిలో ఏది తప్పినా, ఆ ప్రోగ్రామ్ వాడేవారికి ఆ రోజే చెప్పండి. మీ సవరణ వారికి చేరేదాకా ప్రతి ఎంట్రీనీ సేవ్ చేశాక మళ్లీ తెరిచి, చేతిలోని కాగితంతో సరిచూసుకోమనండి.